నడుముకీ నేలకీ మధ్య

పెల్విక్ టిల్ట్ చేస్తున్న మనిషిని పక్కనుంచి చూస్తే ఏమీ చేస్తున్నట్టే అనిపించదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి ఉంటాడు. మిగతాదంతా లోపలి వ్యవహారం. పొత్తికడుపు కాస్త బిగించి కటిని తల వైపు తిప్పితే, నడుము కింద ఉన్న సందు మూసుకుపోతుంది. నాలుగైదు సెకన్లు అలా ఉంచి వదిలేయాలి. అలా ఓ పదిసార్లు. నడుం పట్టేసి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి ఇది చూస్తే ఫీజు దండగేమోనన్న అనుమానం వస్తుంది.

తీరా మొదలుపెడితే అది కుదరదు. చాలామంది పిరుదులు పైకి లేపేస్తారు. అది బ్రిడ్జి, వేరే వ్యాయామం. కొందరు బలమంతా పాదాల్లోకి దింపి నేలను నొక్కుతారు, ఇంకొందరు ఊపిరి బిగబట్టేస్తారు. అందుకే అరచెయ్యి నడుము కింద పెట్టించి, దాన్ని వీపుతో అదమమంటారు. సెకన్లు పైకి వినపడేలా లెక్కపెట్టమంటారు. నోరు అంకెలు చెబుతుంటే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు మరి. ఈ చిన్న కిటుకు తెలిసినవాళ్లకి పని సగం అయినట్టే.

దీన్ని వైద్యంలో పేరున్న వ్యాయామంగా నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని డల్లాస్‌కు చెందిన ఎముకల డాక్టరు పాల్ విలియమ్స్. ఆయన వ్యాయామాల వరస 1937 నుంచి ప్రచారంలోకి వచ్చింది. నడుము లోపలికి ఎక్కువగా వంపు తిరగడం వల్లే డిస్కుల వెనక అంచు మీద భారం పడుతోందని ఆయన నమ్మకం. కాబట్టి ఆ వంపును చదును చేయాలి, ముందుకు వంగాలి.

1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఈ నమ్మకానికి అడ్డం తిరిగే సంఘటన జరిగింది. ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ కాలికి దిగిన నొప్పితో వచ్చిన ఒక రోగిని గదిలోకి వెళ్లి బోర్లా పడుకోమన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్ల కోసం మంచం తల వైపు ఎత్తి ఉంచిన సంగతి మరిచిపోయాడు. కాసేపటికి వచ్చి చూస్తే రోగి వెనక్కి విల్లులా వంగి పడుకుని ఉన్నాడు. ఆ రోజుల్లో అది చేయకూడని పని. మెకెంజీ హడలిపోయాడు. రోగి మాత్రం కొన్ని వారాలుగా లేనంత హాయిగా ఉందన్నాడు.

ఒకరు ముందుకు, ఇంకొకరు వెనక్కి. ఇద్దరి పద్ధతుల్లోనూ బాగుపడినవాళ్లున్నారు. కటి వంకర సరిచేయడం వల్లే నొప్పి తగ్గుతుందన్న కథ ఇక్కడే బీటలు వారుతుంది. 2011లో బ్రిటన్‌లో ఏ నొప్పీ లేనివాళ్లను కొలిస్తే, మగవాళ్లలో 85 శాతం, ఆడవాళ్లలో 75 శాతం మందికి కటి ముందుకు వాలే ఉంది. రీల్స్‌లో జబ్బుగా చూపించే వాలు అదే. ఫొటో మీద ఎర్రగీత గీసి ‘మీ కటి వంకర’ అని కోర్సులు అమ్మేవాళ్లు ఈ లెక్క జోలికి పోరు.

మరి టిల్ట్ వల్ల ఒరిగేదేమిటి? నడుం పట్టేసిన మనిషి భయంతో కొయ్యబారిపోతాడు. తుమ్మాలన్నా గోడ పట్టుకుంటాడు. అలాంటివాడికి బరువు లేకుండా, పడిపోతానన్న బెదురు లేకుండా నడుము కదిలించుకునే వీలు ఇందులో ఉంది. ఈ కాలమ్ రాసేవాడి ఓటు అందుకే దీనికి పడుతుంది, ఎముకల కోణాలు సర్దుతుందని కాదు. నొప్పి సడలాక నడక, బ్రిడ్జి, బరువులెత్తడం వరకూ వెళ్లాల్సిందే. ఏడాది పొడవునా పడుకుని కటి తిప్పుతూ కూర్చుంటే నడుము బలపడదు.

అందరికీ ఒకే దిశ పనికిరాదు కూడా. నాట్లు వేసే ఆడవాళ్లు గట్టెక్కగానే నడుము మీద చేతులు పెట్టుకుని వెనక్కి విరుచుకుంటారు. పొద్దంతా వంగినవాళ్లకి ముందుకు చదును చేయడం కన్నా అదే సుఖం. మెకెంజీ ఇచ్చిన కొలమానం ఇక్కడ పనికొస్తుంది: చేస్తున్నకొద్దీ కాలి నొప్పి నడుము వైపు ఎక్కి వస్తుంటే ఆ దిశ మంచిది, నడుము నొప్పి కాలిలోకి దిగుతుంటే ఆపేయాలి.

కాళ్లు పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగిపోయినా తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఏ వ్యాయామమూ వద్దు. చాప చుట్టేసి, ఆ పూటే ఆస్పత్రికి బయల్దేరాలి.