మూకీ చిత్రములలో శిశుహాస్యము

పసిబిడ్డను, కుక్కను తెరపై నిలిపినచో నవ్వు దానంతట నదియే వచ్చునని మూకీల కాలమున అమెరికా నిర్మాతలు కనిపెట్టిరి. ఇవి నటించుట లేదు, ఉన్నట్లే యున్నవని ప్రేక్షకుడు భ్రమపడును. ఆ చిత్రములను మరల చూచునపుడు ఈ భ్రమయే మమ్ము కలవరపెట్టినది.

చాప్లిన్ 1921లో వెలువరించిన 'ది కిడ్' చిత్రమున జాకీ కూగన్ రాయి విసరి కిటికీ అద్దము పగులగొట్టును. కొంతతడవునకు చాప్లిన్ అద్దములను వీపున మోసికొని, ఏమియు నెరుగనివానివలె ఆ వీథికే వచ్చును. మరియొక రాయి విసరుటకై బాలుడు చేయి వెనుకకు తీయగా, అది పోలీసువానికి తగులును. హాస్యమంతయు ఆ చేయి ఆగిన క్షణముననే యున్నది. అనాథాలయమువారు తన్ను బండిలో వేసికొని పోవునపుడు ఆ బాలుడే చేతులు చాచి యేడ్చును. హాస్యమునకు కరుణము విరోధి యని సాహిత్యదర్పణకారుడు చెప్పెను; ఈ చిత్రము చూచినవారు ఆ సూత్రమునకొక మినహాయింపు చేర్చుకొనక తప్పదు.

సెంచరీ సంస్థవారి పొట్టి చిత్రములలో బేబీ పెగ్గీ యను బాలికయు, బ్రౌనీ యను కుక్కయు జంటగా కనిపించిరి. 1918లో పుట్టిన యీ బిడ్డ 1921 నాటికే తెరకెక్కెను. పెద్ద నటీమణుల హావభావములను ఆమె అనుకరించుట చూచి నవ్వనివారుండరు. కాని ఆమెకు దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు ఆరు దినములు పని. 1923లో వచ్చిన 'ది డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్' కొరకు, మండుచున్న గదినుండి ఆ పసిది ఒంటరిగా తప్పించుకొని రావలసివచ్చెను. ఇది యెరిగిన పిదప తెరపై ఆ ముఖమున కనబడు భయమును నటన యని యెట్లు మెచ్చుకొందుము? పెగ్గీ 2020 వరకు జీవించి తన కథను తానే వ్రాసికొనెను. బ్రౌనీ పక్షమున వ్రాయువారెవరు?

కూగన్ ఆర్జనను తల్లియు, మారుతండ్రియు వ్యయపరచగా 1938లో ఆతడు వ్యాజ్యము వేసెను. లక్షల డాలర్ల సంపాదనలో చేతికి దక్కినది సుమారు 1,26,000 డాలర్లు. బాలనటుల ధనమున కొంత వారికై నిలువచేయుటకు కాలిఫోర్నియావారు 1939లో చట్టము చేసిరి. పెగ్గీ ధనము అంతకుముందే హరించిపోయెను.

హాల్ రోచ్ 1922లో ఆరంభించిన 'అవర్ గ్యాంగ్' వరుసలో పిల్లలు పిల్లలవలెనే పోట్లాడుకొందురు. తెల్లపిల్లలును నల్లపిల్లలును కలిసి యాడుకొందురు. నాటి అమెరికాలో అది సామాన్యము కాదు. అయినను ఫారీనా యను నల్లబాలునికి కూర్చిన వేషమును చూచి మేము నవ్వలేకపోతిమి.

వీనిని ఇంట పిల్లలకు చూపవచ్చునా యని యడుగువారు కలరు. 'ది కిడ్' నిస్సంశయముగా చూపవచ్చును. 'అవర్ గ్యాంగ్' చిత్రములను ఏరి చూపవలెను. పెగ్గీ పొట్టి చిత్రములు పెక్కు నశించినవి. మిగిలినవానిని తల్లిదండ్రులు ముందుగా తాము చూచుట మేలు.