పైన మూడు, కింద మూడు

మా మేనల్లుడు హైదరాబాదులో ఒక చిప్పుల కంపెనీలో పనిచేస్తాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయైన కెర్నెల్‌లో ఏదో డ్రైవర్‌లో ఉన్న తప్పును దిద్ది, ఆ దిద్దుబాటును, అంటే ప్యాచ్‌ను, ఈమెయిల్లో పంపాడు. మర్నాడే జవాబొచ్చింది. కోడ్ గురించి ఒక్క ముక్క లేదు. ఉత్తరం అడుగునున్న నోటీసు తీసేసి మళ్లీ పంపమని మాత్రం ఉంది. వాడి కంపెనీ సర్వరు, గడప దాటే ప్రతి ఉత్తరానికీ ఒక తోక తగిలిస్తుంది: ఇది రహస్యం, మీకు సంబంధించింది కాకపోతే చెరిపెయ్యండి అని. ఊరూవాడా చదువుకుని, వాడుకుని, తిరగరాసుకోడానికి పంపే కోడ్ కింద ఆ మాటుంటే కెర్నెల్ వాళ్లు ముట్టుకోరు. వాడు ఫోన్లో వాపోతుంటే ఓదార్చాల్సింది పోయి పగలబడి నవ్వాను. ఆ తోకల మీద నాకున్న కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తది కాదు.

ఈ ప్యాచ్‌ల సంగతి తెలియని కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కెర్నెల్ 1991లో పుట్టినప్పటి నుంచీ ప్యాచ్‌లు ఉత్తరాల్లోనే నడిచాయి. చాలా ఏళ్లు కెర్నెల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వాటిని స్వయంగా చదివి ఎక్కించుకునేవాడు. 2002లో కోడ్ మార్పులను భద్రపరిచే బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌కు మారాడు. 2005లో దాన్ని ఉచితంగా వాడుకునే వీలు పోయేసరికి అదే పనికి గిట్ రాసుకున్నాడు. అందుకే ఉత్తరాల పని గిట్ పొట్టలోనే ఉంది. ఫార్మాట్-ప్యాచ్ అని టైపు చేస్తే ఒక్కో మార్పు ఒక్కో ఉత్తరంగా తయారవుతుంది. సెండ్-ఈమెయిల్ దాన్ని పంపుతుంది. అందుకున్నవాడు ఏఎమ్ అనే కమాండుతో తన కోడ్‌లోకి ఎక్కించుకుంటాడు. రంగులు, బొమ్మలు, అటాచ్‌మెంట్లు ఏవీ కుదరవు. చదివేవాడు ఏ లైను మీద పేచీ ఉందో సరిగ్గా ఆ లైను కిందే జవాబు రాయాలి కదా. దారిలో మెయిల్ సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌ను స్పేసులుగా మార్చినా, పొడుగు లైనును మడతపెట్టినా ప్యాచ్ చెడినట్టే.

ఆ ఉత్తరంలో తీసేసిన లైనుకు మైనస్, చేర్చిన లైనుకు ప్లస్ ఉంటాయి. మార్పుకు పైన మూడు లైన్లు, కింద మూడు లైన్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. నన్నెప్పుడూ ఆపేసేవి ఆ మారని లైన్లే.

విజయవాడలో ఒక చిన్న పత్రికలో నేను ట్రైనీగా చేరినప్పుడు ఇంకా సీసపు అక్షరాలే. ప్రూఫు ఇంటికి పట్టుకుపోయి చదివి, కిందనున్న మందుల షాపు నుంచి ప్రెస్సుకు ఫోన్ చేసి దిద్దుబాట్లు చెప్పేవాణ్ని. "రెండో కాలమ్, పదకొండో లైను" అని మొదలుపెట్టేసరికి ఫోర్‌మన్‌కు ఒళ్లు మండేది. "లైను నంబరు నాకెందుకు బాబూ? పైన ఇంకెవరో రెండు లైన్లు ఇరికించారు. మీ పదకొండు ఇక్కడ పదమూడైంది. ముందేముందో వెనకేముందో చదవండి." చదివేవాణ్ని. అవతల అక్షరాలు పేర్చిన గాలీ మీద వేలు జరుగుతున్నట్టు ఆయన ఊపిరి వినపడేది. "ఆ, దొరికింది. ఇప్పుడు చెప్పండి." ఒక్కోసారి నేను చదివిన వాక్యం అక్కడ ఉండేదే కాదు. "మీ చేతిలో ఉన్నది పాత ప్రూఫు" అని ఠక్కున పెట్టేసేవాడు. కనీసం దగ్గరగా ఉన్నచోట పెట్టెయ్యకూడదా అని నాకు ఉక్రోషం. ఆయన మాత్రం ఊహించి దిద్దడానికి ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. ఆ పేజీలో మంత్రిగారి పేరు ఆరుసార్లుంటే ఏ పేరు పక్కన 'మాజీ' చేర్చాలో ఊహించడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు.

1985లో లారీ వాల్ రాసిన ప్యాచ్ అనే ప్రోగ్రాం చేసేదీ ఇదే పని. పెర్ల్ భాషతో ఆయన పేరు మోగడానికి రెండేళ్ల ముందు సంగతిది. లైను నంబరు తప్పినా చుట్టుపక్కల లైన్లను పట్టుకుని చోటు వెతుక్కుంటుంది. చుట్టుపక్కల కాస్త తేడా ఉన్నా కొంతవరకు సర్దుకుపోతుంది. అప్పటికీ కుదరకపోతే ఆ ముక్కను విడిగా ఒక ఫైల్లో పడేసి నీ తంటాలు నువ్వు పడు అంటుంది. గిట్ మా ఫోర్‌మన్ బాపతు. లైను జరిగితే జరగనిస్తుంది గానీ, చుట్టూ ఉన్నది అక్షరం తేడా లేకుండా ఉంటే తప్ప మామూలుగా ఒప్పుకోదు. పంపేవాడి ప్రతీ, అందుకునేవాడి ప్రతీ ఒకేలా ఉండక్కర్లేకుండానే ఇద్దరికీ పని జరిగిపోతుంది. ముఖపరిచయం లేని వేలమంది ఒకే కోడ్ మీద చేతులు వెయ్యగలిగారంటే సగం పుణ్యం ఈ మారని లైన్లదే.

మేనల్లుడి సంగతికొస్తే, ఆ తోక తీయించడం వాడి తరం కాలేదు. సొంత చిరునామా నుంచి పంపుదామంటే మెయిల్ కంపెనీ మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోదు, ఆఫీసు నెట్‌వర్క్ మెయిల్ దారినే మూసేసింది. చివరికి బీ4 అనే పనిముట్టు వాడాడు. అది ప్యాచ్‌కు డిజిటల్ సంతకం చేసి వెబ్ దారిన కెర్నెల్ సర్వరుకు చేరవేస్తుంది. అక్కణ్నించే అది ఉత్తరంగా బయల్దేరుతుంది. గిట్ తయారుచేసేవాళ్లకు పంపాలన్నా, గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టిన మార్పును ఉత్తరాలుగా మార్చిపెట్టే సాధనం ఒకటుంది.

నాలాంటి ఛాదస్తుల్లో ఒక వాదన ఉంది: మెయిల్ అమర్చుకోవడం చేతకానివాడు కెర్నెల్ కోడ్ ఏం రాస్తాడు, ఆ కష్టమే జల్లెడ అని. నేనూ ఇన్నాళ్లూ తలూపినవాణ్నే. ఈ వారం ఊపలేకపోయాను. ఆ జల్లెడలో తేలేది వాడి కంపెనీ సర్వరు బుద్ధే తప్ప వాడి కోడ్ బాగోగులు కాదు. పంపేవైపు ఈమెయిల్ రేపు పూర్తిగా పోయినా నాకు బెంగ లేదు. కారణం రాయకుండా మార్పు పంపకూడదన్న పట్టింపు, లైను కిందే జవాబు రాసే వీలు, ఆ ఆరు లైన్లు మిగిలితే చాలు. ఇంకొకటి కూడా కావాలి. ప్యాచ్‌లో మూడు గీతల కింద కాస్త జాగా ఉంటుంది. మొదటిసారికీ రెండోసారికీ ఏం మార్చామో, ఎవరి మాట విని మార్చామో అక్కడ రాస్తారు. చదివేవాడికి కనపడుతుంది, చరిత్రలోకి ఎక్కదు.

చేసి చూడాలనుకునేవాళ్లు మొదటి ఉత్తరం తమ చిరునామాకే పంపుకోండి. వచ్చినదాన్ని ఏఎమ్‌తో ఎక్కించి చూడండి. ఎక్కకపోతే ముందు ట్యాబులు చూసుకోండి.