ప్రయోజకకర్తృత్వము – మూలా నారాయణస్వామి

చలనచిత్రమునకు కర్త యెవరు? విమర్శకులు దర్శకుని పేర్కొందురు; ప్రేక్షకులు నటుని పేర్కొందురు. నిర్మాత పేరు పద్దుపుస్తకములకే విడువబడుచున్నది. ఇది న్యాయమా యన్నది విచార్యము. తాడిపత్రివారైన మూలా నారాయణస్వామిగారి (1912–1950) చరిత్రము ఈ విచారమునకు తగిన లక్ష్యము.

పాణిని స్వతంత్రునకు కర్తృసంజ్ఞ చేసి, అట్టి కర్తను ప్రేరేపించువానికి హేతుసంజ్ఞను, కర్తృసంజ్ఞను గూడ విధించెను. యజ్ఞదత్తుడు దేవదత్తునిచే వంట చేయించుచున్నాడన్నచో యజ్ఞదత్తుడును కర్తయే. అందువలన దేవదత్తుని కర్తృత్వమునకు లోపము రాదు. కాని కట్టెలమ్మినవాడు ప్రయోజకుడు కాడు. వస్తువు నిచ్చుట వేరు, పనికి పురికొల్పుట వేరు. కావున ధనమిచ్చినంతమాత్రమున నిర్మాతకు కర్తృత్వము సిద్ధింపదు.

నారాయణస్వామిగారు ఏ కోటికి చెందుదురు? అనంతపురమండలము వానకు మొగము వాచిన పీఠభూమి. తాడిపత్రి చెంత పెన్న యేటిలో పెక్కు మాసములు ఇసుకయే కానవచ్చును. అట్టి సీమనుండి మద్రాసు చేరిన ధనము, బి. ఎన్. రెడ్డిగారి సాహచర్యమున, వాహినీ సంస్థయైనది. వహించునది వాహిని, నదియు, సేనయు ఆ పదమున కర్థములు. ‘వందేమాతరము’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) బి. ఎన్. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడినవి. 1943లో ‘భక్త పోతన’ దర్శకత్వము కె. వి. రెడ్డిగారికి దక్కెను. ఆయనయు తాడిపత్రివారే, అంతవరకు సంస్థలో నిర్మాణవ్యవహారములు చూచుచుండినవారు. మున్నెన్నడు దర్శకత్వము చేయనివారికి చిత్రము నప్పగించుట కట్టెలమ్ముట కాదు, వంట చేయించుటయే. ‘యోగి వేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949) ఆ ప్రేరణకు ఫలములు.

1948లో మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో వెలసెను. దాని ప్రయోజనమును రసదృష్టితో చూడవలెను. భయానకమునకు భయము స్థాయి. చీకటి, గుహ, వికృతస్వరము మొదలగునవి విభావములు. ఇవి ప్రకృతిలో దొరకినను కెమెరాకు లొంగవు. నాలుగు గోడల నడుమ వెలుగును కొలిచి పంచినప్పుడే లొంగును. ఈ స్టూడియోలో రూపొందిన ‘పాతాళభైరవి’ (1951) ఇందుకు నిదర్శనము. ఎస్. వి. రంగారావుగారి నేపాళమాంత్రికుడును, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణమును ఒకదానికొకటి బలమిచ్చినవి. 1958లో ఇంగ్లండునందలి హేమర్ సంస్థ ‘డ్రాకులా’లో భయమునే అంగిగా నిలిపెను. ఇట భయము అద్భుతమునకు అంగము. మాంత్రికుని చూచి జడిసిన పిల్లలే మరుక్షణమున నవ్వుదురు. కె. వి. రెడ్డిగారి ఔచిత్యజ్ఞానము ఇందే తెలియును.

ఐనను ఒక హద్దు పాటింపవలెను. నారాయణస్వామిగారు 1950లోనే గతించిరి. ‘పాతాళభైరవి’ విజయా సంస్థది. దానికి ప్రయోజకులు నాగిరెడ్డి, చక్రపాణిగార్లు. స్టూడియోయు నాగిరెడ్డిగారి చేతికి వచ్చి విజయా-వాహిని యయ్యెను. స్వసీమాభిమానముచే ఆ చిత్రకర్తృత్వమును గూడ నారాయణస్వామిగారికి కట్టబెట్టుట అతివ్యాప్తి. ‘భక్త పోతన’ విషయమున వారిని విడిచి దర్శకునొక్కనినే చెప్పుట అవ్యాప్తి. మొదటిదానిలో వారు నెలకొల్పిన స్టూడియో అధికరణము. రెండవదానిలో వారు ప్రయోజకకర్త. అధికరణమును కారకమే యగుటచే, ‘పాతాళభైరవి’ చరిత్ర వ్రాయువారు సయితము తాడిపత్రి పేరును ఒక వాక్యమందైన తలపవలసియున్నది.