పైరు పాట వినునా?

"సంగీతం వినిపిస్తే పైరు ఏపుగా పెరుగుతుందట, నిజమేనా?" అని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఈ నమ్మకానికి విశేష ప్రచారం కల్పించిన వానిలో పీటర్ టాంప్కిన్స్, క్రిస్టఫర్ బర్డ్ అనువారు 1973లో ప్రకటించిన 'మొక్కల రహస్య జీవితం' అనే ఆంగ్ల గ్రంథం ముఖ్యమైనది. కథనం ఆకర్షణీయం. జగదీశ చంద్ర బోసు పరిశోధనలను సామాన్య పాఠకులకు పరిచయం చేయుట దానిలోని సుగుణం. కాని సంగీతాన్ని గూర్చిన భాగాన్ని జాగ్రత్తగా చదువవలసి ఉన్నది.

చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రాచార్యులైన టి. సి. సింగ్ గారు 1960-63 మధ్య మద్రాసు రాష్ట్రంలోను, పుదుచ్చేరిలోను ఏడు గ్రామాల వరిపొలాలకు ధ్వనివర్ధకాల ద్వారా చారుకేశి రాగం వినిపించినారనీ, దిగుబడి ఆ ప్రాంతపు సగటు కంటె 25 నుండి 60 శాతం హెచ్చినదనీ ఈ గ్రంథం చెప్పుచున్నది.

"ప్రాంతపు సగటు" అనే మాట వద్ద పాఠకుడు ఆగవలెను. ఆ సగటులో చౌడు నేలలు, కాలువ చివరి భూములు, ఎరువు అందని మడులు అన్నీ చేరి ఉండును. పరిశోధకుల కనుసన్నలలో ఉన్న పొలానికి నీరు, ఎరువు, కలుపుతీత సకాలంలో అందియుండవచ్చును. హెచ్చిన గింజలు రాగానివా, శ్రద్ధవా? తేల్చవలెనన్న ఒకే నేలను మడులుగా విభజించి, ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసి, ఏ మడికి పాట వినిపించవలెనో చీట్లు తీసి నిర్ణయించి, పాట చేరని మడులతో పోల్చవలెను. గ్రంథం చూపిన పోలిక సగటుతోనే!

అట్లని మొక్కలకు కంపనాలతో సంబంధమే లేదనుట కూడ పొరపాటు. గొంగళిపురుగు ఆకు నమలే కంపనాలు తగిలిన మొక్క తన రక్షక రసాయనాలను హెచ్చుగా తయారుచేసినదనీ, గాలి కంపనాలకు, మరొక పురుగు పాటకు అట్లు చేయలేదనీ మిస్సోరి విశ్వవిద్యాలయం వారు 2014లో చూపినారు. ఎగిరే తేనెటీగ ధ్వని సోకిన మూడు నిమిషాలలో ఒకజాతి పువ్వులో మకరందపు తీపి హెచ్చినదని టెల్ అవీవ్ పరిశోధకులు 2019లో ప్రకటించినారు. ఇవి మొక్క బ్రతుకుతెరువుకు చెందిన ధ్వనులు. చారుకేశి మాధుర్యం మన చెవికి చెందినది.

ధ్వనివర్ధకాల కథ ప్రచారమైన కొద్దీ మరుగున పడినది రైతు పాట. ఆ తమిళదేశంలోనే ఏతం పాటలు ఉండేవి. దూలంపై ఒకడు ముందుకు వెనుకకు నడువగా, క్రింద మరొకడు బానను ముంచి నీరు కుమ్మరించేవాడు. పాట ఇద్దరి కదలికలను కలిపేది. చరణ చరణానికి బానల లెక్క చెప్పుకొనుట వాడుక. ఆ లెక్క వలన ఏ మడికి ఎంత నీరు పారినదో తెలిసేది. పాటయే గడియారం, పాటయే కొలపాత్ర! మన ఊడ్పు పాటలలోను లయ వలన వంగి నాటే స్త్రీల చేతులు కలిసి సాగును, శ్రమ తేలికగా తోచును. పాట పనిచేసినది మనిషిపై. పైరుకు మేలు ఆ మనిషి ద్వారా చేరినది.

పంపుసెట్లు వచ్చి ఏతాలు పోయినవి. వానితో ఆ లెక్కలూ పోవుచున్నవి. ఉపాధ్యాయులు తరగతిలో 20 కుండీలతో పైన చెప్పిన పరీక్ష చేయించవచ్చును. దానితోపాటు గ్రామంలోని పెద్దల పనిపాటలను విద్యార్థులచే వ్రాయించి, ఒక్కొక్క పాటలో ఏ కొలత, ఏ పద్ధతి దాగియున్నదో వెదకించవలెను. మొదటి పని ఆలస్యమైనా నష్టం లేదు. రెండవదానికి వ్యవధి తక్కువ.