నోటిఫికేషన్ పడకముందే

మా రాష్ట్రంలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. ఆర్మీ అగ్నివీర్ ర్యాలీలో మగపిల్లలకు అదే దూరానికి పూర్తి 60 మార్కులు రావాలంటే గడువు 5 నిమిషాల 30 సెకన్లే. వానను నమ్మి శనక్కాయ వేసే మా అనంతపురం పల్లెల్లో ఈ అంకెలు తెలియని కుర్రాళ్లు తక్కువ. ఏడాదంతా కలిపితే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ నేలలో నెలజీతం ఎంత పెద్ద ఆశో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే నోటిఫికేషన్ పడిందంటే తెల్లారకముందే తారురోడ్ల నిండా పిల్లలే.

పరుగు మీద ప్రేమకొద్దీ వాళ్లతో ఆగి మాట్లాడుతుంటాను. తరచూ వినే మాట ఒకటే: “దినామూ పరిగెత్తుతాండా సార్, టైమింగ్ మాత్రం తగ్గల్యా.” కొన్ని వారాలకు దానికి మోకాలి కింద ముందరి ఎముక నొప్పి తోడవుతుంది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం ఒంటికాలి మీద పడుతుంది. ఆ భారానికి తగ్గట్టు ఎముక తనను తాను మార్చుకుంటుంది. ముందు పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్తది గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా తొందరపడి కిలోమీటర్లు పెంచితే దెబ్బ తగిలేది ఎముకకే. పిక్కలు, తొడలు, పిరుదులు గట్టిగా ఉంటే ఆ భారంలో కొంత అవే మోస్తాయి.

బలం టైమింగ్‌కూ పనికొస్తుంది. 1999లో ఫిన్లాండ్ పరిశోధకులు కొందరు పరుగువీరుల సాధనలో మూడో వంతు దాకా గెంతులు, పొట్టి పరుగులు, వేగంగా ఎత్తే తేలిక బరువులతో నింపారు. 9 వారాల్లో వాళ్ల 5 కిలోమీటర్ల టైం తగ్గింది. ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం మాత్రం పెరగలేదు. కాళ్లు నేలను తన్నే తీరు మెరుగుపడటమే ఆ లాభానికి మూలం.

దీనికి జిమ్ అక్కర్లేదు. రచ్చకట్ట అంచున ముందరి పాదం మాత్రమే ఆనించి ఒంటికాలి మీద నిలబడండి. పడిపోకుండా చెట్టునో గోడనో పట్టుకోండి. మడమను మూడు లెక్కపెట్టేంతసేపు కిందికి దించి, మళ్లీ పూర్తిగా పైకి లేవండి. పదిసార్లయ్యేసరికి పిక్క మండుతుంది. ఊగకుండా, గెంతకుండా ఇరవై చేయగలిగితే ఆ కాలు పరుగుకు సిద్ధమవుతున్నట్టే. తర్వాత బస్కీలు, దండీలు. అవి తేలికైనప్పుడు ఖాళీ యూరియా సంచిలో ఎర్రమట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ భుజాన వేసుకుని బస్కీలు తీయండి. వారానికి రెండు రోజులు, అరగంట చాలు. నొప్పి ఉన్న రోజున పరుగు మానేసి సైకిల్ తొక్కండి. ఊపిరికి పని దొరుకుతుంది, ఎముకకు దెబ్బ తగలదు. నడిచినా నొప్పి పుడుతుంటే డాక్టరుకు చూపించుకోండి.

ఇది మనకు కొత్త విద్య కాదు. గరిడీల్లో దండీలు, బస్కీలు తీసి, ఉగాదికి గుండు ఎత్తి, బండి ఇరుసు ఎత్తి పందెం కాసిన ఊళ్లు మనవి. ఆర్మీవాళ్లు కూడా పరుగుతో ఆగడం లేదు, 10 పుల్లప్స్‌కు 40 మార్కులు ఇస్తున్నారు. సాధనలో మాత్రం పరుగొక్కటే మిగిలింది. వాన పడ్డాక దుక్కి దున్నుదాంలే అని మెట్టరైతు ఎన్నడూ కూర్చోడు. బలమూ అంతే, నోటిఫికేషన్‌కు నెలల ముందే మొదలుకావాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. చీకట్లో రోడ్డు మీదికి పంపడానికి మీరు జంకుతారు, అది అర్థమవుతుంది. ఈ సాధనకు ఇంటి ముందరి మెట్టు సరిపోతుంది. వారానికి రెండు పూటలు అమ్మాయికి ఇంటిపని తగ్గించి, ఆ అరగంట ఇవ్వండి. సంగటిలోకి ఉలవచారో శనక్కాయల ఊరిబిండో ఇంకాస్త ఎక్కువే వడ్డించండి. ఖాళీలు కొన్నే ఉంటాయి, పరిగెత్తేవాళ్లు వేలల్లో ఉంటారు. ఉద్యోగం రానివాళ్లు కూడా కాళ్లు చెడగొట్టుకోకుండా ఇంటికి రావాలి.