1908: ఒకే నేరం, మూడు భాషలు

బి.ఏ.లో మాకు అమెరికా విప్లవం పాఠం ఉండేది. లెక్చరర్ బోర్డు మీద మూడు పేర్లు రాశాడు: లాక్, రూసో, టామ్ పెయిన్. కింద బాణం గుర్తు గీసి 'స్వాతంత్ర్యం' అన్నాడు. కొన్నాళ్లకు భారత జాతీయోద్యమం పాఠం వచ్చింది. మళ్లీ బాణం గుర్తు. ఈసారి పైన 'ఇంగ్లీషు చదువు', కింద 'స్వాతంత్ర్యం'. ఆ సాయంత్రం ఇంటికెళ్తే అబ్బా ఉర్దూ పేపర్ చదువుకుంటున్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన చదివే భాషకు ఆ బోర్డు మీద చోటు లేదు. చాలా ఏళ్లుగా ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ వార్తలు రాస్తున్నాను. ఆ బాణం గుర్తు ఎంత తప్పో నాకు నెమ్మదిగా అర్థమైంది.

అసలు అమెరికా విషయంలోనే అది తప్పు. లాక్ పుస్తకం అచ్చయింది 1689లో. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776లో. మధ్యలో ఎనభై ఏడేళ్లు ఆ భావాలు చదువుకున్నవాళ్ల అల్మారాల్లో ఉన్నాయి. పన్నుల మీద కోపం ముదిరాక కూడా వలసల్లో చాలామంది పార్లమెంటును తిట్టారు గానీ రాజును తిట్టలేదు. 1776 జనవరిలో ఫిలడెల్ఫియాలో 'కామన్ సెన్స్' అనే చిన్న పుస్తకం, రచయిత పేరు లేకుండా వచ్చింది. రాసిన టామ్ పెయిన్ ఇంగ్లండు నుంచి వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. అసలు రాజరికమే దండగ అన్నాడు. ఆ మాటను పండితుల భాషలో అనలేదు. జనానికి తెలిసిన బైబిలు కథ తీసుకుని, రాజు కావాలని అడిగిన ఇజ్రాయెలీయుల కథ తీసుకుని, దానితోనే వాదించాడు. ఆరు నెలల్లో స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. పుస్తకంలో ఉన్న భావం జనం మాటగా మారితేనే దానికి కదిలించే బలం వస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1908వ సంవత్సరం తీసుకోండి. ఆ ఏడు మరాఠీ 'కేసరి'లో రాసిన వ్యాసాలకు తిలక్‌కు ఆరేళ్ల శిక్ష వేసి మాండలే పంపారు. ఆ ఏడే బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో తిరునల్వేలి కాల్పుల మీద వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైల్లో వేశారు. ఆ ఏడే అలీగఢ్‌లో 'ఉర్దూ-ఎ-ముఅల్లా' సంపాదకుడు హస్రత్ మోహానీని జైల్లో వేశారు. నేరం ఒకటే, రాజద్రోహం. భాషలు మూడు. మొదటి పేరు దేశమంతటికీ తెలుసు. రెండో పేరు తెలుగు పిల్లలు పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు. మూడో పేరు చెబితే, 'నికాహ్' సినిమాలో గులాం అలీ పాడిన గజల్ రాసిన ఆయనేగా అంటారు. అదైనా తెలిసినందుకు సంతోషం.

హస్రత్ చేసిన నేరం ఏమిటి? ఈజిప్టులో బ్రిటిష్‌వాళ్ల విద్యావిధానాన్ని విమర్శించే వ్యాసం వేశాడు. ఆ వ్యాసం ఆయన రాసింది కాదు. రాసినవాడి పేరు చెప్పమంటే చెప్పలేదు. బాధ్యత తనదేనన్నాడు. జైల్లో పిండి విసిరాడు, గజళ్లు రాశాడు. జరిమానా కింద ఆయన పుస్తకాలు పోయాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. భావాలు లండన్ నుంచి మాత్రమే రాలేదు. ఒక వలస ఇంకో వలసను చూసి నేర్చుకుంది. కైరోలో పిల్లలకు ఏం చదువు చెబుతున్నారో అలీగఢ్ పాఠకుడికి తెలిస్తే, తన చదువు ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. దొరకు భయం వేసింది అందుకే. ఇంకో సంగతి. ప్రభుత్వానికి విధేయంగా ఉండమని నేర్పిన అలీగఢ్‌లోనే హస్రత్ బి.ఏ. చదివాడు. రాజకీయాల్లో మాత్రం తిలక్‌ను గురువుగా తీసుకున్నాడు.

1912లో కలకత్తాలో అబుల్ కలాం ఆజాద్ 'అల్ హిలాల్' వారపత్రిక పెట్టాడు. అప్పటికి ఆయన వయసు ఇరవైమూడు. బానిసత్వాన్ని ఒప్పుకోవడం విశ్వాసానికే విరుద్ధమని ఖురాన్ ఆధారంగా వాదించాడు. హిందువులతో కలిసి పోరాడమన్నాడు. ప్రభుత్వం రెండు వేల రూపాయల జమానతు అడిగి జప్తు చేసింది. పది వేలు అడిగి అదీ జప్తు చేసింది. 1914లో పత్రిక మూతపడింది. ఆజాద్ మతం మాట్లాడాడు కాబట్టి అది ఆధునిక రాజకీయ ఆలోచన కాదని కొందరు సెక్యులర్ మిత్రులు అంటారు. వాళ్లను నేను అడిగేది ఒక్కటే. బైబిలుతో వాదించిన పెయిన్ హేతువాది ఎలా అయ్యాడు, ఖురాన్‌తో వాదించిన ఆజాద్ మతవాది ఎలా అయ్యాడు?

1921 డిసెంబర్‌లో అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో హస్రత్ సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టాడు. గాంధీ వ్యతిరేకించారు, తీర్మానం వీగిపోయింది. అదే మాటను 1929లో లాహోర్‌లో కాంగ్రెస్ ఒప్పుకుంది. మధ్యలో ఎనిమిదేళ్లు.

ఇంతవరకూ రాసినదాన్ని మావాళ్లు కొందరు ఇంకోరకంగా వాడుకుంటారు. 'మేమూ ప్రాణాలిచ్చాం, మేమూ జైళ్లకు వెళ్లాం' అని పేర్ల జాబితా తయారుచేసి, ఆగస్టు పదిహేనున పంచుతారు. ఎవరో దేశభక్తి సర్టిఫికెట్ అడుగుతుంటే జేబులోంచి తీసి చూపించడం లాంటిది అది. నాకది నచ్చదు. హస్రత్‌ను త్యాగం చేసిన ముస్లింగా చూపిస్తే చాలదు. ఆయన ఆలోచించినవాడు. దేశం ఇంకా అడగని ప్రశ్నను ముందు అడిగినవాడు. ఆయన ఆలోచనతో వాదించండి, తప్పులుంటే పట్టండి. ఆలోచనాపరుడికి ఇచ్చే గౌరవం అదే.

అలాగే ఉర్దూను పొగుడుకుని ఊరుకోలేం. అమెరికా ప్రకటన రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. స్వేచ్ఛ ఎవరికి అన్న ప్రశ్న అక్కడ ఉన్నట్టే ఇక్కడా ఉంది. 'అల్ హిలాల్' భాష నిండా అరబ్బీ, ఫారసీ. మా నానీకి చదివి వినిపిస్తే ఒక్క వాక్యం అర్థమయ్యేది కాదు. దూది ఏకే సాయిబుకు, ఊరూరా తిరిగే ఫకీరుకు ఆ స్వేచ్ఛ చేరలేదు. తెలంగాణలో ఉర్దూ దర్బారు భాష, పోలీసు పటేలు కాగితాల భాష. రైతు దాన్ని చూసి భయపడ్డాడంటే తప్పు రైతుది కాదు. కానీ అదే ఉర్దూలో 'ఇమ్రోజ్' నడుపుతూ హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో షోయబుల్లాఖాన్‌ను చంపారు. దర్బారుదీ ఉర్దూయే, దర్బారును ఎదిరించినవాడిదీ ఉర్దూయే.

ఇంకో మాట. 1913 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'గదర్' పత్రిక మొదటి సంచిక వచ్చింది ఉర్దూలో. దాని వెనకున్న పంజాబీల్లో ఎక్కువమంది సిక్కులు. ఆ గదర్ పార్టీలో మన తెలుగువాడు దరిశి చెంచయ్య కూడా ఉన్నాడు. ఉర్దూ ముస్లింల సొంత ఆస్తి కాదు, పరాయి దేశపు భాష అంతకన్నా కాదు.

కాబట్టి ఆ బోర్డు మీద గీతలు మార్చాలి. ఒక్క బాణం చాలదు. కైరో నుంచి అలీగఢ్‌కు ఒకటి, పూనా నుంచి అలీగఢ్‌కు ఒకటి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తెలుగునాడుకు ఒకటి గీయాలి. హస్రత్ వచనం, 'అల్ హిలాల్' వ్యాసాలు, 'ఇమ్రోజ్' సంపాదకీయాలు తెలుగు చేసే పని మా రెండు భాషలవాళ్ల మీద ఉంది. మేం చేయకపోతే ఇంకెవరూ చేయరు. చేసి మీ ముందు పెడతాం. మెచ్చుకోమని కాదు, చదివి మాతో వాదించమని.