వేషం విప్పాక మిగిలేది

నార్డిక్ దేశాల లార్ప్ ఆటలో చూసేవాళ్లు ఉండరు, అందరూ ఆడేవాళ్లే. వేషం కట్టుకుని, ముందే రాసిపెట్టిన సంభాషణలేవీ లేకుండా, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పాత్రగానే బతకాలి. పాత్రకొచ్చిన కోపం ఇంటికెళ్లాక కూడా ఆటగాణ్ని వదలదు. ఆటగాడి సొంత దిగులు పాత్ర మాటల్లోకి జారిపోతుంది. అమెరికన్ డిజైనర్ ఎమిలీ కేర్ బాస్ 2007లో దీనికి 'బ్లీడ్' అని పేరు పెట్టారు. ఏం చేసినా 'చేసింది నేను కాదు, పాత్ర' అని తప్పుకునే సాకు ప్రతి ఆటగాడికీ ఉంటుంది. బ్లీడ్ ఆ సాకును పల్చన చేస్తుంది. దీన్ని ఆట చెడిపోవడంగా కాక, ఆట కట్టడానికి పనికొచ్చే సరుకుగా చూడటమే నార్డిక్ డిజైనర్ల ప్రత్యేకత.

టోర్ షెటిల్ ఎడ్లాండ్, హన్నె గ్రాస్మో రూపొందించిన 'జస్ట్ ఎ లిటిల్ లవిన్' 2011లో నార్వేలో మొదటిసారి ఆడారు. కథ ఎయిడ్స్ మొదటి రోజుల నాటి న్యూయార్క్ మిత్రబృందాలది. 1982, 83, 84 సంవత్సరాల్లో జులై 4న జరిగే విందులే మూడంకాలు. మొదటి అంకంలో ఆటా పాటా, ప్రేమలూ అలకలూ. అంకాల మధ్య ఎవరికి జబ్బు, ఎవరికి చావు అన్నది లాటరీ తేలుస్తుంది. ఆ తర్వాత అంత్యక్రియలు కూడా ఆటలో భాగంగానే జరుపుతారు. పోయింది కల్పిత మనిషే అయినా, అతనితో పెంచుకున్న సావాసం మాత్రం నిజంగా గడిపిన గంటల్లోంచి వచ్చింది. ఏడుపు అక్కడిది. విలన్ లేడు గనక ఎవర్నీ తిట్టి తేలికపడే వీలూ లేదు.

2003 నాటి ఒక స్వీడిష్ లార్ప్ కోసం ఎలియట్ వీస్‌లాండర్ 'ఆర్స్ అమాండి' పద్ధతిని రూపొందించారు. ప్రణయ సన్నివేశంలో చేతులు, భుజాలు, మెడ తప్ప మరెక్కడా తాకరు, చూపు మాత్రం కలిపే ఉంచుతారు. తాకే చోటు తగ్గింది కదా, మనసు కూడా దూరంగానే ఉంటుందనుకుంటే పొరపాటే. కళ్లలోకి చూస్తూ మొహమాటం దాచుకోవడం ఎవరి తరం?

ఏడిపించిందే గొప్ప ఆట అనే మోజు ఈ లోకంలోనూ ఉంది. నాకది నచ్చదు. మనుషుల్ని లోపలికి లాగడం కన్నా బయటికి తీసుకురావడానికే ఎక్కువ నేర్పు కావాలి. అందుకే ఆట ముగిశాక అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. 'నేను' అనకుండా, పాత్రను మూడో మనిషిగా చెప్పమంటారు. ఆటలో శత్రువులైన వాళ్లు ఒకచోట కూర్చుని మళ్లీ సొంత పేర్లతో పలకరించుకుంటారు.

ఆట మధ్యలో 'కట్' అంటే అంతా ఆగిపోవాలి, 'బ్రేక్' అంటే జోరు తగ్గించాలి. చిక్కేమిటంటే, నిజంగా మునిగిపోయినవాడికి ఆ మాట నోట రాదు. తర్వాత అమెరికన్ లార్ప్‌లలో ఆ భారాన్ని ఎదుటివాళ్ల మీద పెట్టారు. అనుమానం వస్తే ఆట ఆపకుండానే వేళ్లతో 'ఓకే' గుర్తు చూపి అడగాలి. బొటనవేలు పైకెత్తితే సరే. కిందికి చూపితే పక్కకు తీసుకెళ్లాలి. అరచేయి అటూ ఇటూ ఊపినా బాగాలేదనే లెక్క.